మహారాణి గారి బుగ్గలు

నవ్వనని ముందు ఒట్టేయండి, అప్పుడే చెప్తాను. పోయిన గురువారం సాయంత్రం, ఇక్కడే పార్సిప్పనీలో, మా హాల్లో, నేనొక మంగోలియా మహారాణి గారి ముఖం పాడుచేశాను. అది కూడా ఒకసారి కాదు. ఒకసారి పాడుచేసి, బాగుచేయబోయి ఇంకోసారి పాడుచేశాను!

మా ఎదురు ఫ్లాట్‌లో ఒయునా అని ఒకావిడ ఉంటుంది. మంగోలియా నుంచి వచ్చి పన్నెండేళ్లయింది. పగలు సీనియర్ హోమ్‌లో పెద్దవాళ్లని చూసుకుంటుంది, మిగతా టైమంతా శిల్పాలు చేస్తుంది. వాళ్ల ఫ్లాట్‌లో ఫ్లోరింగ్ మారుస్తున్నారని, దుమ్ము పడకుండా ఒక శిల్పాన్ని దుప్పట్లో చుట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మా ఇంటికి తెచ్చింది.

"శుక్రవారం దాకా ఉంచుతావా మాధవీ? శనివారం నా ఎగ్జిబిషన్. ఈ దేశంలో ఇదే ఫస్ట్."

దుప్పటి తీస్తే, అబ్బ! తెల్లటి ప్లాస్టర్‌తో చేసిన రాణి. కూర్చుని ఉన్నా మూడడుగులుంది. ఎప్పుడో వాళ్ల దేశాన్ని ఖాన్‌లు ఏలిన కాలం నాటి రాణి అట. కనుబొమ్మల దాకా దిగిన పొడుగాటి టోపీ, కాళ్లకి ముక్కు పైకి తిరిగిన బూట్లు. వేషమంతా రాణిదే, ముఖం మాత్రం మనింటికొచ్చి కాఫీ అడిగే పెద్దావిడలా ఉంది.

"ముఖం మా అమ్మది" అంది ఒయునా. "అమ్మ పోయినప్పుడు నా పేపర్స్ ఇంకా ప్రాసెస్‌లో ఉన్నాయి. వెళ్తే మళ్లీ రానిస్తారో లేదో. వెళ్లలేదు."

వీసా స్టాంపింగ్ భయంతో మా ఆయన సొంత తమ్ముడి పెళ్లిని ఫోన్‌లో చూశాడు. ఆ బాధ మాకు ఎవరూ వివరించక్కర్లేదు.

వెళ్తూ వెళ్తూ ఒక్కటే చెప్పింది. "కదపాలంటే కింద పీట పట్టుకో. ముఖం మాత్రం ముట్టుకోకు. ఇంకా సీలర్ వేయలేదు, ఏది తగిలినా పీల్చేస్తుంది."

"అయ్యో, నేనెందుకు ముట్టుకుంటాను!" అన్నాను. అన్నానా, లేదా? అన్నాను.

గురువారం మా ఇంట్లో బొమ్మల కొలువు పేరంటం. ఇంకెక్కడా చోటు లేక రాణిగారిని కొలువు మెట్ల పక్కన బల్ల మీద కూర్చోబెట్టాను. వచ్చిన ఎనిమిది మందీ నేను నాలుగు రోజులు కష్టపడి సర్దిన కొలువుని వదిలేసి ఆవిడ పక్కన నిలబడి సెల్ఫీలు! సరేలే అనుకుని, పసుపు గిన్నె పట్టుకుని ఒక్కొక్కరికీ కాళ్లకి పసుపు రాసి, బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చుకుంటూ వస్తున్నాను. చివర్లో సరోజినీ ఆంటీ ఉన్నారు. ఈ దేశానికి వచ్చి నలభై ఏళ్లయిన డాక్టరు, ఇప్పుడు రిటైరయ్యారు, నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

"ఏమ్మా మాధవీ, మాకందరికీ రాశావు. అంత పెద్ద రాణిగారు పేరంటానికొస్తే ఊరికే పంపిస్తావా?"

ఆవిడ సరదాకే అన్నారు. అందరూ నవ్వారు కూడా. నాకేమో చేతిలో తడి పసుపు, గడప దాటి వచ్చిన ఆడమనిషి పసుపు లేకుండా వెళ్లకూడదన్న అలవాటు. చేయి దానంతటదే వెళ్లిపోయింది. కాళ్లు చూస్తే బూట్లు! నుదురు చూస్తే టోపీ! మిగిలినవి బుగ్గలు. రెండు బుగ్గలకీ నిండుగా, తృప్తిగా రాసేశాను. పైగా వంగి దండం పెట్టాను.

అందరూ వెళ్లాక గుర్తొచ్చింది. వెట్ వైప్‌తో తుడిస్తే పసుపు పోవడం మానేసి చెవుల దాకా పాకింది. గదిలోంచి మా ఆయన వచ్చి చూసి, "ఏంటి, రాణిగారికి కామెర్లా?" అన్నాడు. వంటింట్లోకి పరిగెత్తి, బేకింగ్ సోడా నీళ్లలో కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను.

ఎర్రగా అయిపోయింది!

"దిష్టి తీసే నీళ్లు ఎలా చేస్తారు? పసుపులో సున్నం వేసేగా! సోడా కూడా ఆ టైపే" అన్నాడు మా ఆయన.

"ముందు చెప్పొచ్చుగా!"

"నన్ను అడిగితే కదా!"

అప్పుడే కాలింగ్ బెల్. ఒయునా! ఫ్లోరింగ్ ఒకరోజు ముందే అయిపోయిందట. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి, "టీ తాగుతావా? సున్నుండ తింటావా?" అంటున్నాను. ఆవిడ నా భుజం మీదుగా చూసింది. నన్ను దాటుకుని వెళ్లి బొమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"సారీ ఒయునా. ఇంటికొచ్చిన పెద్దావిడకి మేం చేసే మర్యాద ఇది. ఆ క్షణంలో నాకు ఆవిడ బొమ్మ అనిపించలేదు" అన్నాను. అంటూంటే ఏడుపొచ్చేసింది. కన్నతల్లి ముఖం అది, నేను తోమింది టూత్‌బ్రష్‌తో!

ఒయునా వేలి వెనక వైపుతో ఆ బుగ్గ తాకింది.

"మా వైపు చలికాలం గాలికి ఆడవాళ్ల బుగ్గలు ఇలాగే కందిపోతాయి మాధవీ. అమ్మ పొద్దున్నే గొర్రెల్ని వదిలి లోపలికి వచ్చేది. అప్పుడు సరిగ్గా ఇదే రంగు. చేసినన్నాళ్లూ అమ్మలా లేదు, ఏదో తక్కువైంది అనుకున్నాను. ఏంటో తెలీలేదు. ఎలా మర్చిపోయాను?"

ఆవిడ ఏడ్చింది. నేను ఇంకాస్త ఏడ్చాను. మా ఆయన ఎవరూ అడక్కుండానే టీ పెట్టాడు, అది మా ఇంట్లో ఇంకో వింత. చెవుల దగ్గర పాకిన మరకని ఒయునా గరుకు కాగితంతో తీసేసింది. బుగ్గల్ని మాత్రం అలాగే ఉంచింది. శనివారం ఎగ్జిబిషన్‌లో జనం ఎక్కువసేపు నిలబడింది ఆ ముఖం ముందే. ఒయునా పక్కనే నిలబడి, అడిగిన వాళ్లందరికీ "మై మదర్" అని చెప్తుంటే నాకు ఎంత హాయిగా అనిపించిందో!

ఇక్కడితో ఆగితే పరువు దక్కేది. ఆదివారం ఒయునా ఇంకో ఇద్దరు చిన్న ప్లాస్టర్ రాకుమార్తెల్ని తెచ్చి, "వీళ్లకీ అలాగే చెయ్యి" అంది. అదే పసుపు, అదే సోడా, అదే టూత్‌బ్రష్. ఒకమ్మాయి నారింజ తొక్క రంగులో తేలింది, ఇంకో అమ్మాయికి ముఖమంతా దద్దుర్లు లేచినట్టుంది. ఆఫీస్‌లో నాది క్యూఏ, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం. జరిగిన తప్పుని మళ్లీ అచ్చం అలాగే జరిగేలా చేసి చూపించడమే నా పని. పదకొండేళ్ల ఎక్స్‌పీరియెన్స్ అండీ, నా సొంత తప్పుని రెండోసారి చేయడం నాకు చేతకాలేదు!