కంకర మీద పడ్డ బండి

నలభై దాటిన ఆడమనిషి స్పోర్ట్స్ బైక్ కొంటానంటే మా కామారెడ్డిలో ముందు నవ్వుతారు, తర్వాత తిడతారు. నాకు రెండూ దక్కాయి.

నేను ఎల్లారెడ్డి ఆసుపత్రిలో నర్సును. రోజూ కామారెడ్డి నుంచి వెళ్ళి వస్తాను. ఏళ్ళ తరబడి స్కూటర్ మీదే తిరిగాను. ఒకరోజు లారీని దాటబోతే స్కూటర్‌కు ఊపు చాలలేదు. ఎదురుగా బస్సు వస్తుంటే మళ్ళీ లారీ వెనక్కే తగ్గాను. అప్పుడే మనసు గట్టిపడింది. తిప్పగానే ముందుకు దూకే బండి కావాలి నాకు.

షోరూంలో అమ్మేవాడు నా వెంట వచ్చిన తమ్ముడితోనే మాట్లాడాడు. "అన్నా, కూసొని చూడుండ్రి."

"కొనేది నేను. నాకు చెప్పు. స్లిప్పర్ క్లచ్ ఉన్నదా?" అన్నాను.

అది ఉంటే వేగంలో గేర్లు గబగబా దించినా వెనక చక్రం బిగుసుకుపోదు. రెండు సిలిండర్ల ఇంజిను నెమ్మదిగా పోయేటప్పుడు ఎంత గుంజుతుందో, తడి రోడ్డు మీద ఏబీఎస్ ఎలా పనిచేస్తుందో కూడా అడిగాను. చెబుతూ చెబుతూ అతను నావైపు తిరిగాడు.

ఇంటికి తెస్తే, బీడీలు చుడుతున్న మా అవ్వ చాట పక్కన పెట్టింది. "గింత పెద్దదేంది బిడ్డా? నలుగురు నవ్వుతరు."

"నవ్వనీ అవ్వా. ఆళ్ల పండ్లు ఆళ్లయి."

వారం తిరగకముందే పడ్డాను. అదీ వేగంలో కాదు. ఎల్లారెడ్డిలో చాయ్ హోటల్ ముందు ఆపుతూ కుడికాలు ఆనిస్తే కంకర జారింది. బండి కుడివైపు ఒరిగి, నన్ను పక్కకు తోసి పడింది. బెంచీల మీద నుంచి నలుగురు లేచి వచ్చారు.

"అక్కా, గిది మొగోళ్ల బండి. జరుగు, మేం లేపుతం."

"ముట్టకుండ్రి," అన్నాను.

ఇంజిను ఆపాను. లేపాక ఎడమవైపు పడిపోకుండా ముందే స్టాండు దించాను. బండికి వీపు తిప్పి, సీటుకు ఆనుకుని కూర్చుని, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక పట్టీ పట్టుకున్నాను. మంచంలో రోగిని లేపేటప్పుడు బరువు నడుము మీద కాదు, తొడల మీద వేయాలి. మొదటిసారి కొంచెం లేచి మళ్ళీ పడింది. ఎవరో కిసుక్కుమన్నారు. పళ్ళు బిగించి, మడమలు కంకరలో తన్ని, వెనక్కి చిన్న చిన్న అడుగులు వేశాను. ఈసారి లేచింది.

బ్రేకు లీవరు కొస విరిగింది. పక్క రేకు గీసుకుపోయింది. మోకాలు మండుతోంది.

సాయంత్రం తమ్ముడు గీతలు చూసి, "అమ్మేద్దాం అక్కా, నీతోని కాదు," అన్నాడు.

"నాతోని అయింది. లేపింది నేనే."

లీవరు మార్పించాను, రంగు మాత్రం వేయించలేదు. మర్నాడు డ్యూటీకి వెళ్తూ ఆ కంకర మీదే, వాళ్ళందరూ చూస్తుండగా, బండి ఆపి చాయ్ తాగాను.