ఎనిమిది రంగుల్లో మా అవ్వ

మా చిన్నప్పుడు... పత్తికొండలో మా ఇంట్లో టీవీ ముందు పీట వేసుకుని, ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని కూర్చునేదాన్ని. అవును, ఒళ్ళోనే! కీబోర్డులోనే మొత్తం యంత్రం ఉండేది. వైరు టీవీకి తగిలిస్తే బొమ్మ వచ్చేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నాన్న బెంగళూరులో పాత సామాన్ల అంగట్లో కొన్నారు. అప్పటికే అది ముసలిది...

దానికి తెలిసినవి ఎనిమిదే రంగులు. తెరంతా చిన్న చిన్న గళ్ళు. ఒక్కో గడిలో రెండు రంగులకు మించి పట్టవు.

నాకేమో అవ్వ బొమ్మ వేయాలని పిచ్చి. అవ్వంటే మా నాన్నమ్మ. ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటీ లేదు. కెమెరా కనబడితే చాలు, చెంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయేది.

మొదట ముఖానికి పసుపు రంగు వేశాను. అవ్వ పడీ పడీ నవ్వింది. "పసుపు పూసుకున్నట్టుండాదే! ఇది నేను గాదు."

సరేనని నలుపు వేశాను... ఈసారి నవ్వలేదు.

"పెండ్లయి వచ్చినప్పుడు ఈ ఇంట్లో అందరూ ఇట్లే అన్న్యారు పాపా, నల్లదని," అంటూ లేచి వెళ్ళిపోయింది.

ఏడ్చుకుంటూ పక్కింటి హుసేన్ మామ దగ్గరికి పరిగెత్తాను. ఆయన టీవీలు బాగుచేసేవాడు. వచ్చి, తెర ముందు కూర్చుని, చాలాసేపు ఆలోచించాడు.

"లేని రంగు యాడనుంచి తెస్తాం పాపా? ఉన్నవే కలుపుదాం. నల్ల చుక్క పక్కన ఎర్ర చుక్క పెట్టు. దూరం పోయి చూడు."

వాకిలి దాకా వెళ్ళి చూశాను. మా టీవీ ఎలాగూ కాస్త మసకే... చుక్కలన్నీ కలిసిపోయాయి. నలుపూ కాదు, ఎరుపూ కాదు... చామనఛాయ!

ఇక రోజూ సాయంత్రం మామ అంగడి మూసి మా ఇంటికే. వెలుగు పడే బుగ్గ మీద నల్ల చుక్కలకు బదులు పసుపు చుక్కలు కలిపాం. పచ్చ చెంగు రంగు ముఖం మీదికి ఎక్కుతుంటే, గడి అంచు దగ్గరే ఆగేలా చెంగును పక్కకు జరిపాం. మూడో రోజు కరెంటు పోయి బొమ్మంతా తుడిచిపెట్టుకుపోయింది. నేను నెత్తి కొట్టుకున్నా మామ విసుక్కోలేదు. "చేసిన చెయ్యి యాడికి పోయిందప్పా? మల్లా చేద్దాం." ఈసారి టేప్‌రికార్డరు తగిలించి, వేసింది వేసినట్టు క్యాసెట్టులోకి ఎక్కించుకున్నాం.

అయ్యాక అవ్వను పిలిచి వాకిట్లో కూర్చోబెట్టాం. కదలకుండా చూసింది...

"నన్ను ఇంతసేపు చూసినోళ్ళు ఎవురూ లేరే," అంది.

ఆ ఆదివారమే పట్టుచీర కట్టుకుని, "పా, పోయి ఫోటో దిగొద్దాం," అని తనే నా చెయ్యి పట్టుకుని స్టూడియోకి బయల్దేరింది. మాకు మిగిలిన ఆమె ఫోటో అదొక్కటే.

ఇప్పుడు నా ఫోన్‌లో లెక్కలేనన్ని రంగులు. అడక్కపోయినా ముఖాలు తెల్లగా చేసి పెడుతుంది...

ఈ మధ్య కర్నూలులో హుసేన్ మామ కనిపిస్తే, ఇన్నేళ్ళకు థ్యాంక్స్ చెప్పాను. ఆయన కాసేపు గుర్తుతెచ్చుకోవాలని చూసి, "ఏ బొమ్మ పాపా?" అన్నాడు.

మీ కోసం అంత చేసి, చేసిన సంగతే మర్చిపోయిన మనుషులు మీకూ ఉండే ఉంటారు... వాళ్ళ గురించి కింద రాయండి, చదువుకుంటాను.