మా నెట్ లైనూ, ఓనర్ పెద్దమ్మా

మా ఇంటి ఓనర్ పెద్దమ్మ పోయారన్న సంగతి నాకు నెట్ ఆగిపోయి తెలిసింది. ఆఫీసు మీటింగులో ఉండగా తెర మీద అందరి మొహాలూ బిగుసుకుపోయాయి. "ఛీ, మళ్లీ మొదలు!" అనుకుంటూ బయటికొస్తే, వాకిట్లో టెంటువాళ్లు మేకు దిగ్గొడుతున్నారు. సరిగ్గా మా లైను మీద. తిట్టడానికి నోరు తెరిచి, అసలు టెంటు ఎందుకని అడిగాను. వారం నుంచి దవాఖానలో ఉన్న మనిషి తెల్లవారుజామున పోయారట.

పుప్పాలగూడలో ఆవిడది పాత ఇల్లు, చుట్టూ అపార్ట్‌మెంట్లు. పై వాటాలో ఆవిడ, కింద నేను. సెల్లులో మాట వినపడాలంటేనే డాబా ఎక్కాలి, ఇక వీడియో కాల్ ఊసే లేదు. మా సందులోకి వచ్చేది ఒకే కంపెనీ లైను. ఇంటి ఫోనూ నెట్టూ దాని మీదే. చినుకు పడితే పోతుంది, ఎండ ముదిరితే పోతుంది, ఏమీ లేకపోయినా పోతుంది. పోయిందని చెప్పడానికి ఇంటి ఫోనూ పనిచేయదు. ఖర్మ కాకపోతే ఏమిటి చెప్పండి!

కనెక్షన్ ఆవిడ పేరున ఉంది కాబట్టి డాబా ఎక్కి ఫిర్యాదు చేసేది ఆవిడే. "రెండు నిమిషాలల్ల అయితదని పొద్దుగాల చెప్పినవ్ బిడ్డా. నీ రెండు నిమిషాలు ఎప్పుడైతయో చెప్పు, గప్పటిదాంక అన్నం వండుకుంట," అనేవారు. అంతటితో ఆగుతారా? "నువ్వు తిన్నవా?" అని ఆ కాల్ సెంటర్ అమ్మాయినే అడిగేవారు.

"వాళ్లతో కబుర్లేంటండీ పెద్దమ్మా, గట్టిగా అడగండి!" అని నేను చిందులు తొక్కేవాణ్ణి.

"ఆ పిల్లేమన్న తీగ తెంపిందా? ఫికర్ జేయకు, వస్తది."

ఆ 'వస్తది' వింటే నాకు ఒళ్లు మండేది. ఎప్పుడొస్తదో మాత్రం చెప్పేవారు కాదు.

నాకిప్పుడున్న ఉద్యోగం మాత్రం ఆవిడ చలవే. కిందటేడు పాత ఉద్యోగం పోయింది. నెలల తరబడి వెతికాక ఒకచోట వీడియో ఇంటర్వ్యూ దాకా వెళ్లాను. మధ్యలో లైను పోయింది. కాళ్లావేళ్లా పడితే ఇంకొక్క అవకాశం ఇచ్చారు, ఇదే ఆఖరన్నారు. రెండో ఇంటర్వ్యూ నాటి పొద్దున లైన్‌మ్యాన్ వచ్చి తీగ అతికించి వెళ్లాడు. కాసేపట్లో ఇంటర్వ్యూ అనగా, డ్రైనేజీ పైపుల కోసం సందులోకి జేసీబీ దిగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

పెద్దమ్మ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, తీగ పాతిన చోట వేసుకుని కూర్చున్నారు.

"జరుగమ్మా, తవ్వాలె," అన్నాడు డ్రైవరు.

"నేనేడికి పోత? మా పిల్లగాని ఇంటర్వ్యూ అయ్యేదాంక ఈడనే కూసుంట. బండి బంద్ జేసి నువ్వు చాయ్ తాగి రా."

"సూపర్‌వైజర్ తిడ్తడమ్మా."

"నన్ను తిట్టమను."

నేను లోపలికి పరుగెత్తాను. వాళ్లు అడిగిందే అడుగుతూ సాగదీశారు. ప్రతి ప్రశ్నకీ నా కళ్లు కిటికీ వైపే పోయేవి. ఎర్రటెండలో, కొంగు నెత్తిన కప్పుకుని ఆవిడ అలాగే కూర్చునున్నారు. ఆ దిక్కుమాలిన లైను ఆ ఒక్కరోజూ పోలేదు. చివరికి వాళ్లు, "ఎప్పుడు చేరతారు?" అన్నారు.

బయటికొచ్చి, ఉద్యోగం వచ్చిందన్నట్టు తలూపాను.

ఆవిడ డ్రైవరు వైపు తిరిగి, "ఇగ తవ్వుకో బిడ్డా, మా వానికి కొలువొచ్చింది," అంటూ లేవబోయారు. లేవలేకపోయారు.

"కాళ్లు తిమ్మిరెక్కినయ్, జర పట్టుకోర్రి," అని నవ్వారు.

అతనొక వైపు, నేనొక వైపు పట్టుకుని లేపాం. ఎండకి ఆవిడ చెయ్యి కాలిపోతోంది.