నొప్పి తెలియని చెయ్యి

2022, చెరకు గానుగలు ఆడే రోజులు. జహీరాబాద్‌లో ఒక ఆసుపత్రి డ్రెస్సింగ్ రూమ్‌లో నేను స్టాఫ్ నర్సుని. ఝరాసంగం దగ్గరి ఊరి నుంచి మాణయ్యను భార్య సంగమ్మ షేర్ ఆటోలో తీసుకొచ్చింది. బెల్లం పాకం పట్టడం అతని పని. కాలు జారి కడాయి మీదికి తూలితే మరిగే పాకం రెండు చేతులనూ కాల్చేసింది.

ఎడమ చేతినిండా బొబ్బలు. గాలి తగిలినా కేకలు పెడుతున్నాడు. కుడి చెయ్యి వెనకవైపు, మణికట్టు నుంచి వేళ్ల దాకా, టూత్‌పేస్ట్ దట్టంగా మెత్తి ఉంది.

“గీ చెయ్యి అస్సలు నొస్తలేదు సిస్టరమ్మా. పేస్టు మంచిగ పనిచేసింది. ఎడమ చెయ్యికి పట్టీ కట్టు, జల్ది పోత. ఆడ పాకం చూసెటోళ్లు లేరు,” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. కాలగానే ఇరవై నిమిషాలు కుళాయి ధార కింద పెట్టాలి. మనవాళ్లకు పేస్టు, పసుపు, ఇంకు అన్నీ గుర్తొస్తాయి గానీ నీళ్లు గుర్తురావు. సెలైన్‌తో, అంటే శుభ్రమైన ఉప్పునీటితో, మెల్లగా కడిగాను. పేస్టు పోయింది గానీ తెలుపు పోలేదు. కింద చర్మమే మైనంలా పాలిపోయి ఉంది.

కళ్లు మూసుకోమని ఆ తెల్లటి చోట సూదిమొనతో గుచ్చాను.

“ఇంకా చూస్తలేవేంది?” అన్నాడు. అప్పటికి మూడుసార్లు గుచ్చాను.

ఫస్ట్ డిగ్రీ అంటే ఎరుపు, మంట. సెకండ్ డిగ్రీ అంటే బొబ్బలు, భరించలేని నొప్పి. థర్డ్ డిగ్రీలో చర్మం పూర్తి లోతు వరకు కాలిపోతుంది, నొప్పి తెలిపే నరాల కొసలతో సహా. డాక్టరుగారిని పిలిచాను. ఆయన చూసి, వెంటనే హైదరాబాద్ బర్న్స్ వార్డుకు రాశారు.

“నొవ్వని చెయ్యికి హైదరాబాద్ ఎందుకు?” మాణయ్య మొండికేశాడు.

“ఇంటికి పోతే ఆ వేళ్లు బిగుసుకుపోతయ్ మాణయ్యా. మళ్ల గరిటె పట్టలేవ్,” అన్నాను.

సంగమ్మ లేచింది. “సిస్టరమ్మ చెప్తాంది గద, ఇంకా ఏం సోంచాయిస్తవ్? ఎక్కు బండి!”

అక్కడ తొడ చర్మం తీసి చేతికి అతికారు. దాన్ని స్కిన్ గ్రాఫ్ట్ అంటారు. నెలల తరబడి వేళ్లకు వ్యాయామం చేయించారు. మరుసటి ఏడాది వచ్చి మాణయ్య నా ముందు పిడికిలి మూసి, తెరిచి చూపించాడు. ఏడ్చేశాను. ఇరవై ఏళ్ల సర్వీసులో నేను బాగా చేశానని గట్టిగా చెప్పుకోగలిగిన పని అది. చెప్పుకుంటాను కూడా.

కాలి వచ్చినవాళ్లను అప్పటిదాకా “ఎక్కడ నొస్తుంది?” అని అడిగేదాన్ని. ఇప్పుడు ముందుగా, “ఎక్కడ నొస్తలేదు?” అని అడుగుతాను.