ముఫ్తుది, దొంగది

నా మొగుడు మంచివాడు కాదు. పోయినవాళ్ళను అట్లా అనకూడదంటారు. కానీ ఆయన చేసిన ఒక మంచిపని గురించి చెప్పబోతున్నాను, వినేవాళ్ళు పొరబడకుండా ఈ మాట ముందే చెప్పాలి. నాకు కూడబలుక్కుని చదివేంత చదువే వచ్చు, అందుకని ఇదంతా నోటితో చెప్పి రాయిస్తున్నాను.

ఎల్లారెడ్డిలో తహసీల్ ఆఫీసుకు ఎదురుగా మాకు జిరాక్స్ దుకాణం ఉంది. దరఖాస్తులు, పెళ్ళి కార్డులు, పింఛన్ల పనులు. ఆయనకు కుర్చీలో కుదురుగా కూర్చునే గుణం లేదు. పొద్దున షట్టర్ లేపి హోటల్ దగ్గరికి పోయాడంటే మధ్యాహ్నానికి గాని రాడు. తన బదులు నన్ను కూర్చోబెట్టాలని నెల రోజులు ఇంగ్లీషు విండోస్ ముందు కూర్చోబెట్టాడు. తప్పు నొక్కినప్పుడల్లా ఇనుప స్కేలుతో వేళ్ళ మీద కొట్టాడు. ఆఖరికి ఆయనకే విసుగొచ్చి దాన్ని తీసేసి లినక్స్ అనేది ఎక్కించాడు.

“ఇది ముఫ్తుది. ఎవలెవలో ఊకెనే చేసి ఊకెనే ఇస్తరట. తెలుగుల గూడ వస్తది. నీ అసొంటి మొద్దుకు గిదే సరిపోతది,” అన్నాడు.

తెర నిండా తెలుగు. దస్త్రం, తెరువు, భద్రపరచు, ముద్రించు. దస్త్రం నాకు తెలిసిన మాటే, మా ఊరి పట్వారీ ఎర్రగుడ్డలో కట్టి చంకలో పెట్టుకుని తిరిగేవాడు. ఆ మాటలు పెట్టినవాళ్ళెవరో నా మొగుడికన్నా ఓపిక ఉన్నవాళ్ళు. పదిహేను రోజుల్లో పని పట్టుకున్నాను. జనం రాసి తెచ్చిన కాగితాన్ని అక్షరం వెంట అక్షరం చూసి కొట్టేదాన్ని. స్కేలు దెబ్బలు ఆగిపోయాయి, ఆయన హోటల్‌కు పోవడం పెరిగింది. ఏడాది తిరిగేసరికి కామారెడ్డి రోడ్డు మీద ఆయన బైకును లారీ కొట్టింది.

నెల మాసికం అయిన మరునాడు మరిది వచ్చాడు. కామారెడ్డిలో అతనికి కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. మహమ్మద్‌నగర్‌లో పొలం దగ్గర ఉండే మా అత్త కూడా వెంట వచ్చి దుకాణం బెంచీ మీద కూర్చుంది.

“వదినె, ముఫ్తుగ వచ్చినదాన్ని ఎవడన్న వాడుతడా? వేలిముద్ర మిషన్ దీంట్ల నడువది. పాత పెండ్లి కార్డులు తెరిస్తే పిచ్చి గీతలొస్తయ్. అసలుది ఎక్కిస్త,” అన్నాడు మరిది.

అందులో అబద్ధం లేదు. ఆ మిషన్ చేసినవాళ్ళు లినక్స్‌కు పనికొచ్చేట్టు చేయలేదు. రైతు పైసలకు, పింఛన్లకు వేలు పెట్టే ముసలివాళ్ళు నా దుకాణం దాటి పోతూనే ఉన్నారు.

“మరి నేనెట్ల చేసుడు? అది ఇంగ్లీషే గద,” అన్నాను.

“నువ్వెందుకు చేసుడు? నేనొచ్చి కూసుంట. నువ్వు షట్టర్ లేపు, ఊడ్సు, కాయితాలు సదురు.”

అత్త బెంచీ మీదినుంచి అందుకుంది. “నిజమే గదనే. ముండమోసింది కొట్టిన పెండ్లి కార్డు ఎవలు పంచుతరు?”

కుర్చీ పోతే నాకు ఇంకేమీ లేదని ఇద్దరికీ తెలుసు. పొలం అత్త పేరు మీద ఉంది.

విండోస్ ఎక్కింది, మరిది తెచ్చిన వేలిముద్ర మిషన్ దానికి తగిలింది, వేలు పెట్టేవాళ్ళు లోపలికి రాసాగారు. నేను లేవలేదు, నేర్చుకుంటానన్నాను. ఇంగ్లీషు అక్షరాలు రాకపోయినా బొమ్మలు ఉన్నాయి కదా. ఏ వరసలో ఎన్నో బొమ్మ నొక్కితే ఏది తెరుచుకుంటుందో జాగాలు గుర్తుపెట్టుకున్నాను. అది కనిపెట్టి మరిది సాయంత్రం కామారెడ్డి బస్సు ఎక్కేముందు బొమ్మల జాగాలు మార్చి పోయేవాడు. మర్నాడు వచ్చి గిరాకీలను వెనక నిలబెట్టేవాడు.

“సూడుండ్రి, మా వదినె పింఛన్ తెరుస్తది.”

నేను నొక్కితే పేకాట వచ్చింది.

“ఏందమ్మా, రమ్మీ ఆడుదామా?” అన్నాడు ఎవడో. అందరూ నవ్వారు. ఊరికి పోకుండా నా దగ్గరే ఉండిపోయిన అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. రోజుకొకసారి ఇట్లా వారం రోజులు నడిచింది.

ఆ వారంలోనే ఒక రిటైరు పంతులు కాగితం కోసం వచ్చి, తెర మూలన సన్నగా ఉన్న రాతను చూసి నవ్వాడు. అదేమిటని అడిగాను.

“ఇది అసలుది కాదట తల్లీ, దొంగ కాపీ అని అదే చెప్పుకుంటున్నది,” అన్నాడు.

మరిది పక్కనే ఉన్నాడు. “తమ్మి, ముఫ్తుది వద్దంటివి. అది వాళ్ళు ఇచ్చింది. ఇది నువ్వు ఎత్కొచ్చింది,” అన్నాను.

“అందరు గిదే వాడుతరు. ఇంగ్లీష్ రాదుగని సుద్దులు మస్తొచ్చినయ్ నీకు.”

మర్నాడు షట్టర్ లేపలేదు. కంప్యూటర్ డబ్బాను పాత చీరలో మూటగట్టి ఒళ్ళో పెట్టుకుని కామారెడ్డి పోయాను. మరిది దుకాణం ముందునుంచే నడిచి బస్టాండు వెనక ఇంకొక దుకాణానికి పోయాను. అక్కడివాడు డబ్బా విప్పి చూశాడు.

“పెద్ద డబ్బా అయితే విండోస్, లినక్స్ రెండు పెడుదుంటి అక్కా. ఇది పాతది, జాగ లేదు, ఒక్కటే పడతది. లినక్స్ పెడితే వేలి మిషన్ నడువది. తెలుగు కావాల్నా, వేళ్ళు కావాల్నా?”

వేళ్ళు అంటే నా గిరాకీలో సగం. తెలుగు పెట్టమన్నాను.

ఆ రోజు మూసిన షట్టర్ చూసి తిరిగిపోయిన మరిది, తెల్లారి వచ్చేసరికి నేను కుర్చీలో ఉన్నాను. వేలిముద్ర మిషన్‌ను వైరు చుట్టి అతని చేతిలో పెట్టాను. “ఇది నువ్వు తీస్కపో. కుర్చీ ఇయ్య.”

“నెల తిరగకముందే నా కాళ్ళకాడికొస్తవ్,” అన్నాడు. తల్లిని ఊరికి బస్సెక్కించి పోయాడు.

నెల తిరిగింది, నేను పోలేదు. పెళ్ళి కార్డులు పూర్తిగా ఆగిపోయాయి, అత్త మాట నిజమే అయింది. దరఖాస్తులతో ఒక పూట తిండి ఖాయంగా నడుస్తున్నది, రెండోది ఒక్కోరోజు ఉంటుంది, ఒక్కోరోజు ఉండదు.

మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అత్త వచ్చింది. చెప్పులు చేతిలో పట్టుకుని మెట్టు కిందే నిలబడింది.

“రైతు పైసలు పడలేదే. వేలు పెట్టాల్నట.”

“నా దాంట్ల వేలు నడువది అత్తా. నీ కొడుకే చెప్పె గద.”

“ఇంకెక్కడన్న పెడతరా ఈడ?”

రెండు గల్లీల అవతల దుకాణంలో ఆ మిషన్ ఉంది. ముసలిదానికి బోర్డులు చదవడం రాదు.

“నాకెర్క లేదు. కామారెడ్డి పో, నీ కొడుకు పెడతడు,” అన్నాను.

మంచినీళ్ళు అడిగింది. ఇచ్చాను. తాగి, ఎండలోనే బస్టాండు వైపు నడిచింది. నేను తెర వైపు తిరిగి ఒక కుల ధ్రువపత్రం దరఖాస్తు మొదలుపెట్టాను.