ఎండకు పెట్టిన ఉంగరం

నా ఉంగరంలోని తెల్లరాయిని చూసి వజ్రమా అని ఎవరైనా అడిగితే అవుననే అంటాను. అసలు సంగతి చెప్పాలంటే మా అమ్మ గురించి చెప్పాలి. బస్సులో పక్క సీటామెకు అంత చెప్పే ఓపిక నాకు లేదు.

మా అమ్మకు ఎండ మీద ఉన్న నమ్మకం డాక్టర్ల మీద లేదు. మక్తల్ దగ్గర గొర్ల మంద ఉన్న ఇల్లు మాది. గొంగడి తడిస్తే ఎండకు, పరుపులో నల్లులు చేరితే ఎండకు, కందిపప్పుకు పురుగు పడితే ఎండకు, పిల్లకు జలుబు చేస్తే పిల్లను కూడా ఎండకు. చిన్నప్పుడు నన్ను మిద్దె మీద వడియాల పక్కన కూర్చోబెట్టేది. నా రంగు ఇలా కావడానికి కారణం నువ్వేనని కొట్లాడితే, ఆ రంగుకే దిష్టి తగులుతుందని మెటికలు విరిచేది. ఆమెతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నాకు సంబంధం కుదిరింది. అప్పటికి నేను అంగన్‌వాడీ టీచర్ని. అబ్బాయిది కొత్తకోట, హైవే పక్కన బ్యాటరీల దుకాణం. ట్రాక్టర్ బ్యాటరీలు, ఇన్వర్టర్లు, అప్పుడప్పుడే వస్తున్న కరెంటు స్కూటర్ల లిథియం బ్యాటరీలు అమ్మేవాడు. వచ్చిన ప్రతివాడికీ ఎండలో పెట్టవద్దని చెప్పి మరీ పంపేవాడు. ఈ ముక్క గుర్తుంచుకోండి. నా కోపం ఇంకా తీరలేదు.

అతను నాకు నచ్చాడు. దాచేదేముంది?

నిశ్చితార్థానికి హైదరాబాద్ నుంచి ఉంగరం తెచ్చారు. అందులో రాయి గులాబీ రంగు. కాస్త పక్కకు తిప్పితే వంకాయ పువ్వు రంగుకు మారేది. వచ్చినవాళ్లంతా నా చెయ్యి పట్టుకుని రాయినే చూశారు. నా ముఖం చూసిన మనిషి లేడు. అందరూ కెంపు కెంపు అంటుంటే కాబోయే అత్తగారు ఊరుకోలేదు. కెంపు కాదట, కుంజైట్ అట. సానపట్టేటప్పుడు పక్కనుంచి జర గట్టిగా తగిలితే చీలిపోయే రాయి కాబట్టి అందరూ దాని జోలికి పోరట. ఒకే రాయి నుంచి తీసిన జత కొన్నారట. రెండోది ఆమె వేలికే ఉంది. ఆ చెయ్యి ఊపుతూ చెప్పింది.

ఊరందరి కళ్లు పడ్డ ఉంగరం పెండ్లి దాకా నా వేలికి ఉండరాదని సాయంత్రానికల్లా అమ్మ తీసేసింది. మా ఇంట్లో ఎవరైనా గొర్రెపిల్లను ముద్దుగా ఉందని మెచ్చుకుంటే వెంటనే దాని మెడకు నల్లదారం పడుతుంది. ఉంగరానికి మెడ లేదు. అందుకని చాటలో రాళ్ల ఉప్పు, ఎండు మిరపకాయలు పోసి, మధ్యలో ఉంగరం పెట్టి మిద్దె మీద ఎండకు ఉంచింది. పొద్దున ఎక్కించడం, పొద్దుగూకితే దించడం. అంతలో పెండ్లికొడుకు పెద్దనాయన పోయాడు. ఏడాది దాకా శుభకార్యం వద్దని ముహూర్తం వచ్చే మాఘానికి జరిపారు. ఉంగరం ఎండాకాలం మొత్తం ఎండింది. మక్తల్ ఎండ సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు.

రోజూ చూసేవాళ్లకు రంగు దిగిపోవడం తెలియదు. మాకు తెలియలేదు.

దసరా పోయాక అత్తగారు చీర పెట్టడానికి వచ్చి ఉంగరం ఒకసారి చూపించమంది. అమ్మ మురిపెంగా చాటతో సహా తెచ్చి ముందు పెట్టింది. అత్తగారు ఉంగరం తీసి తన వేలి పక్కన పెట్టుకుని చూసింది. ఆమెది గులాబీ. మాది పటికబెల్లం ముక్క.

"రాయి మార్చిండ్రు వదినె," అంది.

నాయిన మందతో పోయి ఉన్నాడు. అమ్మ, దిష్టి పోతుందని ఎండలో పెట్టానని మాత్రం చెప్పింది. చీర రంగు ఎండకు పోతుంది గానీ రాయి రంగు పోతుందా, గుట్టలు పుట్టినప్పటి నుంచి ఎండలోనే ఉన్నాయి కదా అని అత్తగారు అడిగింది. నిజం చెప్పాలంటే ఆమె జాగాలో నేనున్నా అదే అడిగేదాన్ని. కానీ అన్నది మా అమ్మను. మంద వెంట పోయి వచ్చేటప్పుడు పక్కవాళ్ల చేనులో రాలిన సజ్జ కంకి కూడా ముట్టని మనిషిని.

నాకు ఒళ్లు మండింది. మీ ఉంగరం కూడా మా చాటలో పెట్టండి, మాఘం దాకా ఎండనివ్వండి, రంగు పోకపోతే ఈ సంబంధం వద్దు అన్నాను. ఆమెకూ పౌరుషం తక్కువేమీ కాదు. వెంటనే ఉంగరం లాగింది. అది రాలేదు. వేలు వాచిపోతుంటే చూడలేక నేనే పోయి సబ్బు, చెంబెడు నీళ్లు తెచ్చాను. జగడం కాసేపు ఆపుకుని ఇద్దరం ఆమె వేలికి నురగ పట్టించాం. ఊడివచ్చాక మళ్లీ ముఖాలు మాడ్చుకున్నాం.

రెండు రోజులకు అతను ఫోన్ చేశాడు. ఫోన్‌లో వెతికాడట. కుంజైట్ అనేది స్పోడుమీన్ అనే ఖనిజంలో గులాబీ రకమట. ఆకుపచ్చగా ఉంటే హిడెనైట్ అంటారట. స్పోడుమీన్ పేరుకు అర్థమే బూడిదైనది అట. గులాబీ రకం గట్టి ఎండలో ఎక్కువకాలం ఉంటే రంగు వెలిసిపోతుందట. పైగా బ్యాటరీలకు కావలసిన లిథియం తీసేది ఆ ఖనిజం నుంచేనట. సంతోషంగా చెప్పుకుపోతున్నాడు. బ్యాటరీకి ఎండ పడదని పాలమూరు జిల్లా అంతటికీ చెప్పావు, దాని చుట్టానికి పడదని నాకెందుకు చెప్పలేదని అడిగాను. తనకూ ఇప్పుడే తెలిసిందన్నాడు. వాళ్లమ్మకు చదివి వినిపిస్తే, ఫోన్‌లో రాసేవన్నీ అబద్ధాలని కొట్టిపారేసిందట. వెల్లుల్లి తింటే షుగర్ పోతుందని మా అందరికీ రోజూ ఫోన్‌లో పంపేది ఆమెనే.

ఇక తేల్చాల్సింది చాటే. అమ్మ మాత్రం కుంగిపోయింది. సంతకు పోవడం మానేసింది. ఎవరైనా పెండ్లి పనుల సంగతి అడిగితే లోపలికి పోయేది. దొంగ అనే మాట ఎవరూ అనలేదు, కానీ ఆమె చెవిలో అదే మోగుతుండేది. నేను మాత్రం ఆ రాయి తెల్లబడే రోజు కోసం పగబట్టి ఎదురుచూశాను. అప్పుడు అత్తగారికి ఏమేం చెప్పాలో కూడా పిల్లలకు గుడ్లు వడ్డిస్తూ మనసులో తయారు చేసుకున్నాను.

మాఘం రాకముందే ఆమె వచ్చింది. నేను పరుగున మిద్దెక్కి చాట చూస్తే ఉప్పుంది, మిరపకాయలున్నాయి, ఉంగరం లేదు. ఏ కాకి ఎత్తుకుపోయిందో అనుకుంటూ ఆ చాట పట్టుకుని దిగాను. అమ్మ నన్ను చూసి నెమ్మదిగా జొన్నల డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఒక గుడ్డమూట తీసింది. ఉంగరం అందులో ఉంది.

"రంగు జర దిగుతున్నట్టు అనిపిచ్చింది వదినె. పాడైతదని తీసి గిండ్ల దాచిన," అంది.

నాకు ఏడుపొచ్చింది. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ తన చేత్తోనే జొన్నల్లో పూడ్చింది. అత్తగారు ఉంగరాన్ని గడప దగ్గర వెలుతురులో పట్టుకుని చూసింది. తగ్గిందంటే తగ్గింది, లేదంటే లేదు. కాదనాలనుకుంటే కాదనొచ్చు.

"గట్లనే ఎండల ఉంచితే నీ మాట నిలబడు గద," అంది అత్తగారు.

"నా మాట నిలబడాలని నీ రాయి పాడుచేస్తనా?"

అత్తగారు గడప మీదే కూలబడింది. కాసేపు ఉంగరం వైపు, కాసేపు అమ్మ వైపు చూసింది. తర్వాత నాతో, "రాయి మార్చినోళ్లకు నా రాయి పాడైతదని భయం ఎందుకుంటది బిడ్డా?" అంది.

ఆమె లేచి నా చేతిలోని చాట నుంచి గుప్పెడు ఉప్పు, మిరపకాయలు తీసుకుంది. అమ్మను తూర్పుకు కూర్చోబెట్టి తల చుట్టూ తిప్పింది. "నా కండ్లే తగిలినయ్ వదినె," అంటూ తీసుకుపోయి పొయ్యిలో పడేసింది.

దిష్టి ఉంటే మిరపకాయలు ఎంత కాలినా ఘాటు రాదంటారు. ఆ రోజు వచ్చిన ఘాటుకు ముగ్గురం దగ్గుతూ, కళ్లూ ముక్కూ తుడుచుకుంటూ వాకిట్లో పడ్డాం. అత్తగారి వీపు రాస్తూ అమ్మ దగ్గు మధ్యలోనే చెప్పింది.

"నీ కండ్లల్ల ఏం లేదు వదినె."