రాణిగారి గడ్డం

నేను లేకపోతే సికింద్రాబాదులో పద్యనాటకం పోలీసు యాక్షన్‌తోనే చచ్చిపోయేది. ఈ మాట పెళ్లిళ్లలో చెప్పాను, దినాల్లో చెప్పాను, పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూడా చెప్పాను. ఎవరూ కాదనలేదు. కాదనగలిగినవాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఇక అబద్ధంలో మజా లేదు, నిజం చెప్పేస్తాను.

అప్పుడు నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ని. మాకొక నాటక సమాజం ఉండేది. హార్మోనియం వాయించే గుమాస్తాగారే దానికి పెద్ద. రాజు వేషానికి బెజవాడ నుంచి ఒకాయన్ని పిలిపించేవాళ్లం. ఆయన పద్యం చివర రాగం అందుకున్నాడంటే, జనం బయటికెళ్లి చాయ్ తాగి, బీడీ కాల్చి, తిరిగొచ్చి కూర్చున్నా ఆ రాగం అక్కడే ఉండేది. రాణి మాత్రం మా ఊరి మనిషే. మోండా మార్కెట్లో కుట్టుమిషను పెట్టుకున్న సాయిబు. ఇల్లు మౌలాలిలో. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆయన చీర కట్టి నడిచొస్తుంటే ముందు వరసలో ఆడవాళ్లు సిగ్గుపడి తమ కుచ్చిళ్లు సర్దుకునేవాళ్లు. ఆయన శోకపద్యానికి మూడు వన్స్‌మోర్లు ఖాయం.

ఇంతలో పోలీసు యాక్షన్ వచ్చింది. నిజాం రాజ్యం పోయింది, గడ్డమున్న ప్రతివాణ్నీ రజాకారేమోనని అనుమానంగా చూసే రోజులు. రైళ్లు ఆగిపోయి బెజవాడ రాజుగారు మా క్వార్టర్లలో చిక్కుపడ్డారు. పూటకొకరింట్లో తింటూ, మా పచ్చళ్లకు వంకలు పెడుతూ కాలక్షేపం చేశారు. కొన్ని వారాలకు వీధులు కాస్త నెమ్మదించాయి. రాత్రి కర్ఫ్యూ ఉంది గనక మధ్యాహ్నమే నాటకం వేద్దామన్నారు గుమాస్తాగారు. రాణిని తీసుకురమ్మని నన్ను పంపారు.

ప్రాణాలకు తెగించి వెళ్లి, ఆయనకు ధైర్యం నూరిపోసి, నా సైకిలు మీద కూర్చోబెట్టుకుని తెచ్చానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. వెళ్లిన మాట వరకే నిజం.

తలుపు తీసిన మనిషికి గుబురు గడ్డం!

"నాటకాలు బందైనయి గద తమ్మీ, గీకుడెందుకని ఇడిసిపెట్టిన" అన్నాడు.

"మరి జెర తీసెయ్యరాదే అన్నా? రాణికి గడ్డమేంది?"

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మావోళ్లు కొందరు భయానికి గడ్డాలు తీసేస్తున్నరు. గిప్పుడు నేను తీస్తే నేను సుత గట్లనే తీసిన్నంటరు. మావోళ్లు పిరికోడంటరు, మీవోళ్లు ఏందో దాస్తుండంటరు. తియ్యకుంటే రాణిని కాను. నువ్వే చెప్పు, ఏం జెయ్యాలె?"

నేను చెప్పిందేమిటంటే, ఇంకో గ్లాసు చాయ్ కావాలని. అది తాగి తిరిగొచ్చి, "వస్తడు, మాటిచ్చిండు" అన్నాను గుమాస్తాగారితో. ఆయన ఏ మాటా ఇవ్వలేదు.

ఆయన రాకపోతే నాటకం ఆగేదేం కాదు. చీర కట్టడానికి ఎవడో ఒకడు దొరుకుతాడు. కానీ ఒక్కసారి అట్లా దొరికాడంటే సాయిబు మళ్లీ మా వేదిక ఎక్కడు. అది ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

నాటకం నాటి మధ్యాహ్నం పందిరి నిండిపోయింది. రాణి జాడ లేదు. గుమాస్తాగారు నన్ను ఎగాదిగా చూసి, "నీ నడుమెంతరా?" అన్నారు. నేను పొట్ట ముందుకు తోశాను.

సరిగ్గా అప్పుడొచ్చాడు. గడ్డంతోనే. సైకిలు వెనక వేషాల పెట్టె కట్టుకుని. పందిట్లో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. ఆయన తెర వెనక్కి పోలేదు. నేరుగా వేదిక అంచున అందరికీ ఎదురుగా కూర్చుని, పెట్టెలోంచి సబ్బు, కుంచె, కత్తి, అద్దం తీశాడు.

అప్పుడు అద్దం పట్టింది నేనేనని నా పెళ్లాంతో కూడా చెప్పాను, పాపం నమ్మింది. నిజానికి అప్పటికే నేను అందరికన్నా వెనక్కి జారుకుని, సైకిలు పట్టుకుని, ముఖం గేటు వైపు పెట్టి నిలబడ్డాను. గొడవైతే ముందుగా ఇల్లు చేరేది నేనే కావాలని. అద్దం పట్టింది బెజవాడ రాజు. కిరీటంతో దిగొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని పట్టాడు. ఆయన గుసగుసలాడినా ఆఖరి వరసకు వినబడుతుంది.

"గొంతు దగ్గర నిదానం మహారాణీ. పద్యం ఉండేది అక్కడే."

గడ్డం పోయింది. నున్నటి రాణి ముఖం బయటపడింది. అప్పుడు హమాలీల వరసలోంచి ఎవడో గట్టిగా అరిచాడు: "వన్స్ మోర్!"

పందిరి ఊగేలా నవ్వారు. సాయిబు కత్తి తుడుచుకుంటూ, "మళ్లా మొలవాలె గద నాయినా! రెండు నెల్లాగు!" అన్నాడు. పెట్టె పట్టుకుని తెర వెనక్కి వెళ్లాడు.

ఇక నాటకం. రాణి ఒళ్లో రాజు చచ్చాడు. శోకపద్యం మొదలైంది. మూడు వన్స్‌మోర్లు పడ్డాయి, మూడుసార్లూ పాడాడు. నాలుగోది అడిగింది నేను. దీనికి సాక్షులు లేరు, నమ్మితే నమ్మండి. అప్పటికి సైకిలు గోడకు ఆనించి, జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి కూర్చున్నాను.

చచ్చిన రాజు ఒక కన్ను తెరిచాడు. "ఎవడయ్యా ఆ నాలుగోవాడు? కర్ఫ్యూలోపు నన్ను తగలెయ్యనివ్వడా?"

రాణి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నవ్వాపుకోలేక అని దగ్గరున్న నాకు తెలుసు. వెనకాలవాళ్లు మాత్రం ఆ తల్లి దుఃఖం చూడలేక ముక్కులు చీదుకుంటూ ఏడ్చారు.